గుహలో హెలికాప్టర్ ఆటను ఆర్డుబాయ్‌కి తెచ్చాను, గురుత్వం మార్చాను. పేరు అదే ఉంచొచ్చా?

గోదారిగట్టు
ఒక్క బటన్‌తో ఆడే గుహ హెలికాప్టర్ ఆటలు మీలో చాలామంది ఆడే ఉంటారు. నొక్కితే పైకి, వదిలితే కిందికి, గోడ తగిలితే ఆట అయిపోయినట్టే. జీపీఎల్ రెండో వెర్షన్ లైసెన్స్‌తో (సోర్స్ కోడ్‌ని షరతులకు లోబడి ఎవరైనా మార్చి పంచుకోవచ్చు) ఉన్న అలాంటి పీసీ ఆట ఒకదాన్ని మూడు వారాలు కూర్చుని, జేబులో పట్టే చిన్న గేమ్ పరికరం ఆర్డుబాయ్‌కి పోర్ట్ చేశాను, అంటే దాని మీద నడిచేలా మార్చాను. నా దగ్గరున్నది కొన్న ఆర్డుబాయ్ కాదు. కోఠి గుజరాతీ గల్లీలో బోర్డు, చిన్న ఓఎల్ఈడీ తెర, ఆరు బటన్లు కొని నేనే టంకం పెట్టుకున్నాను. చిప్ మాత్రం అదే, ఏటీమెగా32యూ4. ఫ్లాష్ 32 కేబీ, ర్యామ్ రెండున్నర కేబీ. అందులో 128×64 తెర మీది బొమ్మను దాచే బఫర్‌కే 1,024 బైట్లు పోతాయి.

అసలు ఆట 640×480 కోసం రాసింది. అడ్డంగా 5తో, నిలువుగా 7.5తో భాగిస్తే గుహ పైకప్పుకీ నేలకీ మధ్య 120 పిక్సెళ్ల దారి కాస్తా 16 పిక్సెళ్లయింది. హెలికాప్టర్ ఎత్తు మూడు పిక్సెళ్లు. మా ఇంట్లో ఎవరూ పది సెకన్లు కూడా నిలవలేదు. అందుకని దారిని 22కి పెంచి, గురుత్వం తగ్గించాను. ఇప్పుడు హాయిగా ఆడుతున్నారు. పేరు మార్చలేదు. ఇది సబబేనా?

పాత_సీ
సబబు కాదండీ. అసలు కోడ్‌లో గురుత్వం ఫ్రేముకు 0.3. 7.5తో భాగిస్తే 0.04. భిన్నానికి ఎనిమిది బిట్లు ఇచ్చే ఫిక్స్‌డ్ పాయింట్‌లో, అంటే 1ని 256గా రాసుకునే పూర్ణాంకాల లెక్కలో, అది 10.24. మీరు ఎంత పెట్టారు?

గోదారిగట్టు
మొదట 10. తర్వాత 8.

పాత_సీ
10 పెట్టినప్పుడే రెండు శాతానికి పైగా తప్పింది. 8 అంటే ఇరవై శాతం పైమాటే. హెలికాప్టర్ ఎంత బరువుగా పడుతుందన్నదే ఈ ఆట. గోడలు, బొమ్మ, స్కోరు అన్నీ దాని తర్వాతే. దాన్ని మార్చి అదే పేరు పెట్టడం ఎలా కుదురుతుంది?

సర్క్యూట్_అక్క
గురుత్వం సంగతి తర్వాత చూద్దాం, వేగం చూశారా? అసలులో గుహ ఫ్రేముకు 4 పిక్సెళ్లు జరుగుతుంది. 640 దాటడానికి 160 ఫ్రేములు. మీరు ఫ్రేముకు 1 పిక్సెల్ జరుపుతున్నారు, అంటే 128 ఫ్రేములే. గోడ కనపడిన దగ్గర్నుంచి తగిలేలోపు ఆడేవాళ్లకి దొరికే టైమ్‌లో ఐదో వంతు పోయింది. కష్టం అక్కడ ఉందేమో.

కొలనుపాక
పాటలు వినే పరికరాల కోసం రాసిన రాక్‌బాక్స్‌లో చాపర్ అని ఇలాంటి ఆటే ఉంది. రకరకాల సైజు తెరల మీద అదే పేరుతో నడుస్తుంది. దాన్ని ఎవరూ తప్పు పట్టలేదే.

గోదారిగట్టు
అదే నేనూ అంటున్నాను కొలనుపాక గారూ. తెర మారితే అంకెలు మారతాయి. పైగా ఈ చిప్‌లో ఫ్లోట్ (దశాంశ) లెక్కలు చేసే హార్డ్‌వేర్ లేదు, అన్నీ సాఫ్ట్‌వేర్‌లోనే నడవాలి. ఉన్నది ఉన్నట్టు దించడం కుదరదు.

పాత_సీ
కుదురుతుంది. భిన్నానికి 16 బిట్లు ఇచ్చి 32 బిట్ల పూర్ణాంకం వాడండి. 0.04 అంటే 65,536లో 2,621. తేడా లేనట్టే లెక్క. స్థానానికి, వేగానికి కలిపి అదనంగా నాలుగు బైట్లు. రెండున్నర కేబీలో నాలుగు బైట్లు లేవా?

కొత్తగా_చేరా
డౌన్‌లోడ్ చేసి ఆడాను, చాలా బాగుంది. కానీ స్కోరు 32,767 దాటగానే మైనస్‌లోకి పోయింది. నా బోర్డు పాడైందా?

సర్క్యూట్_అక్క
బోర్డు బాగానే ఉంది. కోడ్‌లో పూర్ణాంకం దాచే ఇంట్ పీసీలో 32 బిట్లు, ఈ చిప్‌లో 16 బిట్లే, 32,767 దాటి పట్టదు. అసలు కోడ్‌లోని స్కోరు వరుసని అలాగే అంటించి ఉంటారు. ఫ్రేముకు ఒక పాయింట్, సెకనుకు 60. తొమ్మిది నిమిషాలు ఆడితే దాటిపోతుంది.

పాత_సీ
తొమ్మిది నిమిషాలా! చూశారా, నేను చెప్పేది అదే. అసలు ఆటలో మూడు నిమిషాలు నిలవడానికి నాకు ఒక సెలవులన్నీ పట్టాయి. మార్చకూడని గురుత్వం మార్చారు, మార్చాల్సిన ఇంట్ మార్చలేదు.

గోదారిగట్టు
స్కోరు బగ్ నాదే, ఒప్పుకుంటాను. కానీ మూడు వారాల పని మీకు ఒక్క అంకెలాగే కనిపిస్తోందా? ఎవరి కోసం చేశానో ఒక్కరైనా అడిగారా? మా నాన్నకి 68 ఏళ్లు, చేతులు వణుకుతాయి. ఒకే బటన్ ఉంటుందనే ఈ ఆట ఎంచుకున్నాను. ఆయన ఆడలేని ఆట జేబులో ఉండి ఏం లాభం? సోర్స్ బయట పెట్టారంటే మార్చుకోమనే కదా. ఇంతకుముందు వేరే ప్రాజెక్ట్‌కి ప్యాచ్ (కోడ్ సవరణ) పంపితే ఏడు నెలలు జవాబు లేదు. అసలు ఆటను ముట్టుకోనివ్వని మనుషులతో నాకు విసుగొచ్చేసింది.

మోడరేటర్
ఇద్దరూ కాస్త నెమ్మదించండి.

పాత_సీ
మీ నాన్నగారి కోసం మార్చడాన్ని నేను తప్పు పట్టలేదు. నా బాధ ఏమిటో ఇప్పుడైనా చెప్తాను. చదువుకునే రోజుల్లో నేనూ ఒక ఎగిరే ఆట రాసి జీపీఎల్ కింద పెట్టాను. ఒకతను దాన్ని ఫోన్‌కి పోర్ట్ చేశాడు. వేగం రెట్టింపు చేశాడు, తాకిన అర సెకనుకు గానీ రెక్క లేవదు. ఏం మార్చాడో ఎక్కడా రాయలేదు, నా పేరు మాత్రం పైన అలాగే ఉంచాడు. రెండేళ్లు నాకు తిట్లతో మెయిళ్లు వచ్చాయి. ఒక ఇంటర్వ్యూలో అదే వెర్షన్ తెరిచి నా ముందు పెట్టి, ఇదా మీరు రాసింది అన్నారు. కాదని చూపించడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది. ఆ ఉద్యోగం రాలేదు.

అందుకే అడుగుతున్నాను. జీపీఎల్ రెండో వెర్షన్‌లో రెండో సెక్షన్ చదవండి. ఫైల్ మార్చినవాళ్లు తాము మార్చామని, ఏ తేదీన మార్చామో కనపడేలా అందులో రాయాలి. మీ ఫైళ్లు మొత్తం వెతికాను. పైన అసలు రచయిత పేరుంది. మీ పేరు లేదు, తేదీ లేదు, గురుత్వం 8 అని లేదు. రేపు ఎవరైనా ఇది మరీ తేలిక అని తిడితే ఆ మాట ఆయనకే తగులుతుంది.

కొలనుపాక
ఇది ముందే చెప్పి ఉంటే రెండు రోజులు గొడవ పడేవాళ్లం కాదు కదండీ.

గోదారిగట్టు
నా పేరు పెట్టుకోకపోవడం మర్యాద అనుకున్నాను. ఆయన ఆట మీద నా పేరేంటి అని. దానికి ఇలాంటి అర్థం కూడా ఉంటుందని తట్టలేదు. రాత్రి ప్రతి ఫైల్ పైనా తేదీతో సహా రాశాను.

అక్కా, మీ మాట ప్రకారం వేగం ఫ్రేముకు 205 చేశాను, 256లో 205 అంటే 0.8. మళ్లీ 160 ఫ్రేములు వచ్చాయి. తేడా వెంటనే తెలిసింది. దారిని 18కి తగ్గించి, గురుత్వం 10కి తెచ్చినా నాన్న అరవై సెకన్లు దాటారు. మూడు వారాలుగా తప్పు చోట సర్దుతున్నానన్నమాట. స్కోరుకి 32 బిట్లు ఇచ్చాను. అయితే దారి 16 మాత్రం చేయను. ఆయన చేతికి 18 కావాలి.

సర్క్యూట్_అక్క
అయితే మొదటి తెరలో రెండు వరుసలు పెట్టండి, అసలు దారి ఒకటి, వెడల్పు దారి ఒకటి. హై స్కోరు దేనికది దాచుకోవచ్చు, కరెంటు పోయినా చెరగని ఈఈప్రామ్ మెమరీ ఒక కేబీ ఉంది.

పాత_సీ
రెండు వరుసలుంటే నాకు పేరు మీద ఏ అభ్యంతరమూ లేదు. అసలు దారి వరుసలో మాత్రం 10 వద్దు, 2,621 పెడదాం. ఆ ప్యాచ్ నేను రాసి పంపుతాను. ఏడు నెలలు ఆపకండి.

గోదారిగట్టు
పంపండి. ఈ ఆదివారమే కలుపుతాను. ఫైల్ పైన మీ పేరు, తేదీ కూడా మీరే రాసి పంపండి.