డాక్టర్ హూలో ట్విన్ డైలమా తర్వాత కోలిన్ బేకర్ కథల్లో ఏది చూడాలి?

పాత డాక్టర్ హూ (బ్రిటిష్ సైన్స్ ఫిక్షన్ టీవీ సీరియల్) వరసగా చూస్తున్నానండి, 1984లో వచ్చిన కేవ్స్ ఆఫ్ ఆండ్రోజానీ కథకి ఏడుపొచ్చేసింది, డాక్టర్‌గా వేసిన పీటర్ డేవిసన్ తనతో తిరిగే పెరీని కాపాడి తను పోతాడు కదా (పోయేటప్పుడు డాక్టర్ కొత్త రూపంలోకి మారతాడు, అలా నటుడు మారతాడు), వెంటనే ట్విన్ డైలమా పెడితే కొత్త డాక్టర్ కోలిన్ బేకర్ మొదటి ఎపిసోడ్‌లోనే అదే పెరీ గొంతు నులిమేస్తున్నాడు! లెక్కల్లో మేధావులైన కవల పిల్లలు, వాళ్ళని ఎత్తుకు రప్పించే నత్త రాజు మెస్టర్, ఐడియా బాగుంది కానీ ఆ నత్త వేషం అస్సలు నమ్మబుద్ధి కాలేదు. నాలుగు ఎపిసోడ్లూ చూశా, చివర్లో కూడా డాక్టర్ పెరీకి మనస్ఫూర్తిగా సారీ చెప్పడు, నాకు అదే బాధ.

1985 సీజన్‌లో ఈయన కాస్త మెత్తబడతాడా? అటాక్ ఆఫ్ ది సైబర్‌మెన్ వదిలేసి నేరుగా వెంజెన్స్ ఆన్ వారోస్ చూడొచ్చా? బేకర్ మంచి నటుడే అనిపిస్తోంది, ఆపేయాలని లేదు, కథ చెప్పేయకుండా చెప్పండి ప్లీజ్.