కరోనాలో నిలబెట్టిన విమానాలు: తాళం తీసి ఎగరేస్తే సరిపోదా?

డిపో_గేటు:
2020 మార్చి 25 నుంచి మే 25 దాకా దేశంలో ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. ఇంచుమించు అప్పుడే ఆర్టీసీ బస్సులూ డిపోల్లో పడి ఉన్నాయి. బ్యాటరీ చూసుకుని, టైర్లకు గాలి కొట్టి వాటిని మళ్లీ రోడ్డెక్కించారు. విమానాల సంగతికొస్తే మాత్రం ఊరికే నిలబెట్టినా బోలెడు ఖర్చంటారు, తిరిగి తీసేటప్పుడు ప్రమాదమంటారు. నిలబెట్టిన విమానానికి ఏం చేస్తారు? తీసేటప్పుడు నిజంగా ఏం చెడింది? ఎగరకపోతే ఇంధనం ఖర్చు మిగులుతుంది కదా, కంపెనీలు ఎందుకు మునిగాయి? తెలిసినవాళ్లు అంకెలతో చెప్పండి.

హ్యాంగర్_మెట్లు:
బస్సుతో పోలిక బ్యాటరీ దాకా సరే. విమానంలోనూ దాని కనెక్షన్ తీసేస్తారు. ఆ తర్వాత దారులు వేరు.

ముందు టైర్లు. ఎయిర్‌బస్ ఏ320 ఖాళీగా ఉన్నా 40 టన్నుల పైమాటే. ఆ బరువు వారాల తరబడి ఒకేచోట ఆనితే టైరు అక్కడ చదునైపోతుంది. అందుకని మాన్యువల్ చెప్పిన గడువుకల్లా విమానాన్ని కాస్త జరిపి చక్రం తిప్పాలి. జరపడమంటే ట్రాక్టరు కావాలి, కాక్‌పిట్‌లో బ్రేకు దగ్గర ఒక మనిషి ఉండాలి, రెక్కల కొసలు కాచేవాళ్లు ఉండాలి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఏకంగా ఒక రన్‌వేనే పార్కింగ్‌కు ఇచ్చేశారు. అలా వరసగా ఇరికించిన చోట మధ్యలో ఉన్నదాన్ని కదపాలంటే ముందున్నవన్నీ కదలాల్సిందే.

ఇంజన్‌కు రెండు దారులున్నాయి. ఒకటి, నిర్ణీత గడువుకోసారి స్టార్ట్ చేసి లోపలి చెమ్మ ఆరేదాకా తిప్పడం. రెండోది, తేమ పీల్చే సంచులు లోపల పెట్టి ముందూ వెనకా మూసేయడం. రెండోదాంట్లో తేమ చూపించే కార్డు కూడా పెడతారు. అది నీలం నుంచి గులాబీ రంగుకు తిరిగిందంటే సంచులు మార్చాలి. తాగునీళ్లు, టాయిలెట్ ట్యాంకులు ఖాళీ చేస్తారు. ఇంధనం మాత్రం పూర్తిగా తీయరు: గాలివానకు విమానం కదలకుండా బరువుండాలి, ట్యాంకు సీళ్లు ఎండిపోకూడదు.

వీటన్నిటికీ అసలు శత్రువు తేమ. సింగపూర్ ఎయిర్‌లైన్స్ తన ఏ380లను ఆస్ట్రేలియా నడిబొడ్డున ఉన్న ఆలిస్ స్ప్రింగ్స్‌కు పంపింది అక్కడి పొడిగాలి కోసమే. మన దగ్గర మే నెలాఖరున మూడోవంతు సర్వీసులే మొదలయ్యాయి. మిగతావి నిలబడి ఉండగానే నైరుతి వచ్చేసింది.

ఇక ఏం చెడింది అంటే, రెండు సంగతులు గట్టివి.

ఒకటి, 2020 జూలైలో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ పాత తరం బోయింగ్ 737లకు ఇచ్చిన అత్యవసర ఆదేశం. ఇంజన్ కంప్రెసర్ (గాలిని దశలవారీగా నొక్కే భాగం) నుంచి గాలి తీసే దారిలో ఐదో దశ దగ్గర ఒక చెక్ వాల్వ్ (గాలిని ఒకే వైపు వదిలే తలుపు) ఉంటుంది. ఇంజన్ తక్కువ పవర్‌లో ఉన్నప్పుడు గాలిని తొమ్మిదో దశ నుంచి తీస్తారు. అక్కడ ఒత్తిడి ఎక్కువ కాబట్టి ఆ గాలి ఐదో దశలోకి వెనక్కి తన్నకుండా ఈ వాల్వ్ మూసుకోవాలి. తుప్పు పట్టి తెరుచుకునే ఉండిపోతే ఇంజన్ స్టాల్ అవుతుంది, అంటే లోపలి గాలి ప్రవాహం చెదిరిపోతుంది. అప్పటికే నాలుగు విమానాల్లో ఒక్కో ఇంజన్ ఆగిపోయింది. రెండు ఇంజన్ల వాల్వులూ ఒకేసారి పట్టేస్తే? ఆ భయంతోనే ఆదేశం. వరసగా ఏడు రోజులు ఆగిన విమానానికి కూడా అది వర్తించింది. పరీక్ష మాత్రం చాలా చిన్నది: వాల్వ్ రెక్కను చేత్తో కదిపి చూడాలి, పూర్తిగా తెరిచిన చోటు నుంచి పూర్తిగా మూసిన చోటుకు అడ్డం లేకుండా రావాలి. పట్టేస్తే కొత్తది వేయాలి.

రెండోది పిటో గొట్టాలు, అంటే విమాన వేగం కొలిచేందుకు ముక్కు దగ్గర ఉండే సన్నటి గొట్టాలు. ఏ320కి మూడు. తొడుగు సరిగ్గా లేకపోతే కందిరీగ మట్టి తెచ్చి గూడు కట్టేస్తుంది. నిల్వ నుంచి తీసిన విమానాల్లో వేగం తప్పుగా చూపించడం పెరిగిందని యూరప్ విమాన భద్రత సంస్థ ఈఏఎస్‌ఏ 2020 ఆగస్టులోనే హెచ్చరించింది. తొడుగులు ఉన్నా చాలదు, తీసేటప్పుడు రిజిస్టరుతో లెక్క సరిపోవాలి. తొడుగులకు వేలాడే ఎర్ర రిబ్బన్లు మన ఎండకు వెలిసిపోయి దూరం నుంచి కనపడవు. పక్కనే ఉండే స్టాటిక్ రంధ్రాలకు (బయటి గాలి ఒత్తిడి కొలిచేవి) విమానం ఒంటి రంగులో కలిసిపోయే టేపు అస్సలు వేయకూడదు. 1996లో పెరూలో ఒక 757ని కడిగాక ఆ టేపు తీయడం మరిచారు. 70 మందీ పోయారు.

రన్‌వే_09:
హ్యాంగర్ గారు చెప్పిన పిటో సంగతికి కాక్‌పిట్ వైపు నుంచి కొసరు. ఏ320లో పరుగు మొదలయ్యాక 100 నాట్ల (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు) వేగం దగ్గర, 737లో 80 దగ్గర ఒకరు గట్టిగా పిలుస్తారు, ఇద్దరూ మీటర్లు పోల్చుకుంటారు. తేడా ఉంటే అక్కడే ఆపేయాలి. గూడు కట్టిన గొట్టం దొరికిపోవడానికి అదే చివరి మంచి అవకాశం.

మనుషులకూ తుప్పు పడుతుంది. ప్రయాణికులను ఎక్కించుకోవాలంటే పైలట్‌కు గడిచిన 90 రోజుల్లో 3 టేకాఫ్‌లు, 3 ల్యాండింగ్‌లు ఉండాలి. లాక్‌డౌన్‌లోనే 60 రోజులు పోయాయి. తెరిచాక సర్వీసులు మూడోవంతే, ఎగరాల్సినవాళ్లు మాత్రం అందరూ. లోటు సిమ్యులేటర్‌లో పూడ్చుకోవాలి. ఆ పెట్టెలు తక్కువ, పైగా ఇరుకు గదిలో ముగ్గురు కూర్చోవాలి కాబట్టి ప్రతి సెషన్‌కూ శానిటైజేషన్.

జనం పెద్దగా పట్టించుకోనిది ఇంకోటుంది. ఆకాశం ఖాళీ అయితే పని తేలికవుతుందనుకుంటాం. అయినా అప్రోచ్‌లు (రన్‌వే వైపు దిగే చివరి దశ) అదుపు తప్పడం 2020లో పెరిగింది. రద్దీ లేదని కంట్రోలర్ మంచి మనసుతో షార్ట్‌కట్ ఇస్తాడు. దిగడానికి లెక్క 1,000 అడుగులకు 3 నాటికల్ మైళ్లు. 15 మైళ్లు తగ్గించాడంటే విమానం ఒక్కసారిగా 5,000 అడుగులు ఎత్తులో ఉన్నట్టే. రెండు నెలలు ఇంట్లో కూర్చుని వచ్చిన చెయ్యి ఆ ఎత్తు కరిగించే తొందరలో వేగం పెంచుకుంటుంది. 1,000 అడుగుల దగ్గరికి వచ్చేసరికి చక్రాలు, ఫ్లాప్‌లు, వేగం కుదరకపోతే మళ్లీ పైకి లేవాల్సిందే. షార్ట్‌కట్ వద్దనడం తప్పు కాదని చాలా కంపెనీలు ప్రత్యేకంగా చెప్పుకోవాల్సి వచ్చింది.

పద్దు_పుస్తకం:
డబ్బు ప్రశ్నకు నేను. ఇంధనం మిగిలింది, నిజమే. కానీ మన దేశంలో ఎక్కువ విమానాలు లీజువి. అద్దె నెలనెలా, డాలర్లలో. ఎగిరినా ఎగరకపోయినా మీటరు తిరుగుతూనే ఉంటుంది. కొన్ని చెకప్‌లు గంటలను బట్టి కాదు, క్యాలెండర్‌ను బట్టి వస్తాయి.

మే 25న తెరిచినప్పుడు (ఆంధ్రప్రదేశ్‌లో 26న) టికెట్‌కు అడుగు, పైకప్పు రెండూ ప్రభుత్వమే పెట్టింది. ఢిల్లీ–ముంబయి 3,500 నుంచి 10,000 రూపాయలు, 40 శాతం సీట్లు 6,700 లోపే అమ్మాలి. కింది హద్దు వల్ల బలమున్న కంపెనీ ధర తెగ్గోసి బలహీనమైనదాన్ని చంపలేకపోయింది. నా మటుకు ఆ నిబంధనలో పనికొచ్చిన ముక్క అదొక్కటే. సర్వీసుల హద్దు జూన్ చివర్లో 45 శాతం, సెప్టెంబరులో 60, డిసెంబరులో 80 అయింది. పూర్తిగా తీసింది 2021 అక్టోబరు 18న. ధరల హద్దు 2022 ఆగస్టు 31 దాకా సాగింది. ప్రపంచం మొత్తం మీద 2020లో ప్రయాణాలు 2019 కంటే 65.9 శాతం తగ్గాయని విమాన కంపెనీల సంఘం ఐఏటీఏ లెక్క. అద్దెలు ఆ వంతున తగ్గలేదు.

డిపో_గేటు:
అందరికీ థాంక్సండీ. హ్యాంగర్ గారూ, ట్యాంకుల్లో కొంత ఇంధనం ఉంచుతారన్నారు. అన్ని నెలలు నిలవుంటే అది పాడవదా?

హ్యాంగర్_మెట్లు:
ఇంధనం కంటే దాని అడుగున చేరే నీళ్లు పేచీ. నీళ్లకూ ఇంధనానికీ మధ్య పొరలో ఫంగస్ పెరిగి జిగట కడుతుంది, ఫిల్టర్లు మూసుకుపోతాయి. కాబట్టి అడుగు నుంచి నీళ్లు తరచూ వదలాలి, బయోసైడ్ (ఫంగస్‌ను చంపే మందు) కలపాలి.

ఆ కలపడంలోనే పెద్ద తప్పు జరిగింది. 2020 ఫిబ్రవరి 26న లండన్ గాట్విక్ నుంచి లేచిన ఒక ఏ321లో ఇంజన్ సరిగ్గా తిరగక కొట్టుకోవడంతో అది వెంటనే వెనక్కి దిగింది. ట్యాంకుల్లో బయోసైడ్ ఉండాల్సినదానికి దాదాపు 38 రెట్లు ఉందని దర్యాప్తులో తేలింది. పీపీఎం (పది లక్షల్లో ఎన్ని వంతులు) లెక్క తప్పడమే కారణం. ఆ మందు కాథన్. దాని మోతాదు ఘనపరిమాణంలో 100 పీపీఎం, అంటే 10,000 లీటర్లకు 1 లీటరు. మార్చిలో తయారీదారు దాన్ని విమానాలకు ఇవ్వడమే ఆపేశారు. సరిగ్గా లోకంలోని విమానాలన్నీ నిలబడుతున్న నెలలో! ఇక మిగిలింది బయోబార్. దానికి 270 పీపీఎం, అదీ బరువులో: 10,000 కిలోల ఇంధనానికి 2.7 కిలోలు. పాత మందు లెక్క అలవాటైన చెయ్యి కొత్తదాన్ని లీటర్లలో కొలిచిందంటే మళ్లీ తప్పే. అందుకే ఒకరు కట్టిన లెక్కను ఇంకొకరు చూడకుండా, సొంతంగా మళ్లీ కట్టాలి. రెండు అంకెలూ కలిస్తేనే డబ్బా మూత తీయాలి.