అప్‌డేట్: గొంతు నులిమినా మెడ మీద గుర్తు లేదు, కేసు నిలుస్తుందా?

భర్త గొంతు నులిమాడు, పైకి గుర్తేమీ లేదు, కేసు నిలుస్తుందా అని అడిగాను కదా. నిలుస్తుంది. గుర్తు పడకపోవడం మామూలే. కంటి తెల్లగుడ్డులో సన్నటి ఎర్ర చుక్కలు, బొంగురుపోయిన గొంతు, మింగితే నొప్పి, స్పృహ తప్పడం, తెలియకుండానే మూత్రం పడిపోవడం, ఇవన్నీ ఆధారాలే. మెడ రక్తనాళం లోపల చీలితే రోజుల తర్వాత కూడా పక్షవాతం రావచ్చు. అందుకే సీటీ యాంజియో (మెడ రక్తనాళాలను చూపే స్కాన్) అవసరమా అని డాక్టర్ని అడగండి. క్యాజువాలిటీలో పరువు కోసం "జారిపడింది" అని మాత్రం రాయించొద్దు, దయచేసి. ఎంఎల్‌సీలో (పోలీసు కేసు కోసం ఆసుపత్రి రాసే గాయాల నమోదులో) "చేతులతో గొంతు నులిమాడు" అనే ఉండాలి.

ఒకసారి నులిమాక హత్య ముప్పు ఏడు రెట్లు పెరుగుతుందని 2008 నాటి అమెరికా అధ్యయనం తేల్చింది. వెళ్లిపోతున్నట్టు అతనికి ముందే చెప్పకండి, విడిపోయే రోజులే గండం. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే సఖి కేంద్రానికి (హింసకు గురైన మహిళలకు సాయం చేసే ప్రభుత్వ కేంద్రం) పంపుతారు. అతను మళ్లీ హింసించకుండా కోర్టు ఇచ్చే రక్షణ ఉత్తర్వు 2005 గృహహింస చట్టం 18వ సెక్షన్ కింద వస్తుంది.