పక్క అద్దాలు సరిపోతాయా, తల తిప్పి కూడా చూడాలా?

ప్రశ్న: కొరాపుట్ టీచరమ్మ

అందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా కొరాపుట్‌లో స్థిరపడినా పుట్టిల్లు విజయనగరం కావడంతో, నెలకొకసారైనా సెమిలిగుడ, పొట్టంగి, సుంకి మీదుగా ఘాట్ దిగి సాలూరు చేరే 26వ నంబరు జాతీయ రహదారి మీద నాకు ప్రయాణం తప్పదు. ఆరు నెలల క్రితం వరకు మావారు నడిపేవారు, ఇప్పుడు నేనే నడుపుతున్నాను. డ్రైవింగ్ నేర్పిన మాస్టారు మొదటి రోజే, "మూడు అద్దాలూ చూసుకుంటే చాలు, తల తిప్పితే తలతోపాటు చేయి కూడా తిరుగుతుంది" అని హెచ్చరించారు. విదేశంలో చాలాకాలం కారు నడిపిన మా అన్నయ్య మాత్రం, భుజం వైపు ఒకసారి చూడకుండా పక్కకు జరగనే కూడదంటాడు.

పోయిన నెల సెమిలిగుడ బజారులో ముందున్న ఆటోను దాటడానికి ఇండికేటర్ వేసి, కుడి అద్దంలో ఎవరూ లేరని చూసుకొని స్టీరింగు తిప్పేసరికి, నా తలుపు పక్కనే ఒక మోటారు సైకిలు ఉంది. వెనక చిన్న పాపను కూర్చోబెట్టుకున్న ఆ అబ్బాయి బ్రేకు వేయబట్టి ఇద్దరూ బతికారు. అద్దం చూసే తిప్పాను కదా, మరి ఆ బండి ఎందుకు కనిపించలేదు? ఇలాంటి రోడ్ల మీద నడిపే పెద్దలు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు: పర్లాకిమిడి భౌతికశాస్త్రం మాస్టారు

ముందుగా మీ అద్దాల అమరిక సరిచూసుకోండి అమ్మా. మనలో చాలామంది పక్క అద్దంలో సొంత కారు తలుపులు బాగా కనిపించేలా పెట్టుకుంటాం. అలా పెడితే లోపలి అద్దం చూపించే వెనక భాగాన్నే పక్క అద్దాలూ మళ్ళీ చూపిస్తాయి, తలుపు పక్కన ఉన్న చోటు ఏ అద్దానికీ అందకుండా పోతుంది. 1995లో జార్జ్ ప్లాట్జర్ అనే అమెరికన్ ఇంజనీరు ఈ లెక్కంతా ఒక పత్రంలో విడమరిచి, పక్క అద్దాలను ఇంకా బయటికి తిప్పాలని సూచించారు. అక్కడ స్టీరింగు ఎడమవైపు ఉంటుంది కాబట్టి మనం దాన్ని తిరగేసుకోవాలి.

తల కుడి కిటికీకి దాదాపు ఆనేలా వంచి, ఆ స్థితిలో కారు పక్కభాగం అంచు మాత్రమే కనిపించేలా కుడి అద్దాన్ని బయటికి తిప్పండి. తర్వాత రెండు ముందు సీట్ల మధ్యకు వంగి, ఎడమ అద్దాన్నీ అదే విధంగా అమర్చండి. తిన్నగా కూర్చున్నప్పుడు సొంత కారు కనిపించకపోవడం మొదట్లో వింతగా ఉంటుంది, వారం రోజుల్లో అలవాటవుతుంది. దాటిపోయే బండి లోపలి అద్దంలోంచి తప్పుకుంటుండగానే పక్క అద్దంలోకి రావాలి, అక్కడి నుంచి తప్పుకుంటుండగానే కంటి కొసకు తగలాలి. మధ్యలో మాయమైతే అమరిక ఇంకా కుదరలేదన్నమాట.

జవాబు: సాలూరు లారీ

నేను ఇరవై రెండేళ్ళుగా ఈ ఘాట్‌లో లారీ నడుపుతున్నానండి. మాకు తల తిప్పినా కనిపించేది క్యాబిన్ గోడే. అందుకని మాకు అద్దాలే కళ్ళు, ఎడమవైపు క్లీనరే దిక్కు. నా ఎడమ తలుపు కింద, బంపరుకు ఆనుకొని ముందు, బాడీకి సరిగ్గా వెనక ఉన్న బండి నాకు తెలియదు. నా అద్దంలో మీకు నా ముఖం కనిపించకపోతే, మీరు కూడా నాకు కనిపించడం లేదని అనుకోండి.

మలుపులో మాత్రం తల తిప్పే పని పెట్టుకోవద్దమ్మా. అక్కడ లారీ వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, మలుపు లోపలికి కోసుకుంటూ వస్తాయి. ఆ లోపలి సందులో చిన్న కారు దూర్చడం ప్రాణాలతో చెలగాటమే. మలుపులు దాటి, రోడ్డు తిన్నగా దూరం వరకు కనిపించినప్పుడే హారన్ కొట్టి, డిప్పరు వేసి దాటండి.

జవాబు: బరంపురం నుంచి

మాస్టారు గారు చెప్పిన అమరిక నేనూ పాటిస్తున్నాను, కానీ దానితో తల తిప్పే అవసరం తీరిపోతుందంటే ఒప్పుకోలేను. వెనక సామాను పైదాకా పేర్చితే లోపలి అద్దం చూపించేది ఏమీ ఉండదు. పైగా మన కార్లలో పక్క అద్దాలు సాధారణంగా కుంభాకార అద్దాలు కావడంతో, దగ్గరి బండి కూడా చిన్నదిగా, దూరంగా ఉన్నట్టు కనిపిస్తుంది. 16వ నంబరు రహదారి మీద వేగంగా వచ్చే బస్సు దూరాన్ని నేను లోపలి బల్లపరుపు అద్దంలోనే అంచనా వేస్తాను.

తల తిప్పడమంటే నడుము తిప్పి వెనక కిటికీలోంచి చూడటం కాదు, గడ్డం భుజం వైపు వచ్చేలా ఒక్క చూపు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో అర సెకనుకు కారు 8 మీటర్లకు పైగా ముందుకు పోతుంది కాబట్టి, ముందున్న బండితో దూరం సరిపడా ఉందని చూసుకున్నాకే ఆ చూపు తిప్పాలి. రోడ్డు పక్కన ఆపిన కారును కదిలించేటప్పుడు, సంత రోజున ఎడమ సందులోకి తిరిగేటప్పుడు నేను దాన్ని ఎప్పుడూ మానను. సైకిళ్ళు, స్కూటర్లు ఎడమవైపు నుంచే దూసుకువస్తాయి. ముందు అద్దం పక్కనుండే స్తంభం చాటున కూడా ఒక మనిషి పూర్తిగా దాక్కోగలడు, కుడి మలుపుల్లో మెడ కాస్త ముందుకూ వెనక్కూ జరిపి చూడండి.

కొరాపుట్ టీచరమ్మ

అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం మా పాఠశాల మైదానంలో కారు ఆపి, మా అబ్బాయిని వెనక నుంచి కారు పక్కగా నడవమన్నాను. పాత అమరికలో వాడు వెనక చక్రం దగ్గర కుడి అద్దంలోంచి మాయమై, మళ్ళీ నా తలుపు దాకా వచ్చేవరకు కనిపించలేదు. సెమిలిగుడలో ఆ మోటారు సైకిలు ఉన్నది సరిగ్గా అక్కడే. మాస్టారు చెప్పినట్టు తిప్పాక కుడివైపు ఒక అడుగు మాత్రమే చాటు మిగిలింది, ఎడమవైపు ఇంకా రెండు మూడడుగులు వాడు దొరకడం లేదు. ఆ రెండు మూడడుగుల కోసం నేను తల తిప్పుతాను.