ఉదయం తుడిచిన నేల మీద సాయంత్రానికే దుమ్ము: కారణం ఎక్కడ వెతకాలి?

ప్రశ్న (రాజురా)

మా ఇల్లు రాజురా నుంచి గడ్‌చందూర్ వెళ్లే దారికి దగ్గరలో ఉంది. బొగ్గు లారీలు, సిమెంటు లారీలు రాత్రింబవళ్లు తిరుగుతూనే ఉంటాయి. ముందు గదిలోనూ వంటింట్లోనూ లేత రంగు టైల్స్ వేయించుకున్నాం. వెనక గదిలో మాత్రం మా మామగారు కట్టించిన నాటి షాబాద్ బండలే ఉన్నాయి. ఉదయం ఊడ్చి, ఫినాయిల్ కలిపిన నీళ్లతో తడిగుడ్డ పెట్టినా, మధ్యాహ్నం దాటేసరికి టైల్స్ మీద తిరిగిన మా పాప అరికాళ్లు నల్లబడుతున్నాయి. వెనక గదిలో నలుపు అంతగా కనిపించదు గానీ, గోడ వారన, బండల సందుల వెంబడి తెల్లని పిండిలాంటిది తేలుతుంది. తుడిచినప్పుడు మాయమై, నేల ఆరాక మళ్లీ కనిపిస్తుంది. మా అత్తగారికి ఆయాసం ఉన్నందువల్ల, ఊడ్చేంతసేపూ ఆమెను అరుగు మీద కూర్చోబెట్టవలసి వస్తోంది. కిటికీలు మూసి చూశాం, ఫినాయిల్ మార్చి చూశాం, గుణం కనబడలేదు. వాక్యూమ్ క్లీనర్ కొంటే ఈ ఇబ్బంది తీరుతుందా, లేక ముందుగా చేయవలసింది మరేదైనా ఉందా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

జవాబు (బల్లార్షా)

మీరు రాసినదాన్ని బట్టి చూస్తే మీ ఇంట్లో ఉన్నవి రెండు వేర్వేరు దుమ్ములండీ. నలుపు బయటి నుంచి వస్తోంది, తెలుపు ఇంట్లోనే పుడుతోంది. రెండవదాని సంగతి నాకంటే ఇళ్లు కట్టేవారికి బాగా తెలుస్తుంది కనుక, నేను మొదటిదాని గురించే రాస్తాను.

గాలిలో లేచిన దుమ్ములో 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) రేణువు మనిషెత్తు నుంచి నేలకు దిగడానికి సుమారు 10 నిమిషాలు పడుతుంది. 1 మైక్రాన్ రేణువు గాలి కదలని గదిలోనైనా దిగడానికి పదిహేను గంటలు పట్టవచ్చు. అంటే పొడి చీపురుతో ఊడ్చి వెంటనే తడిగుడ్డ పెట్టినప్పుడు, మీరు లేపిన దుమ్ములో సన్నటి భాగం ఇంకా గాలిలోనే ఉండి, తుడిచిన నేల మీదకే తీరిగ్గా దిగుతుంది. ఆయాసం ఉన్నవారిని ఎక్కువగా బాధించేది కూడా ఆ సన్నటి భాగమే. కాబట్టి టైల్స్ ఉన్న గదుల్లో పొడిగా ఊడ్వడం మానుకుని, గట్టిగా పిండిన మైక్రోఫైబర్ గుడ్డతోనే మొదటి విడత లాగండి. పూలచీపురు వాడక తప్పకపోతే కొత్తదాన్ని నేరుగా ఇంట్లోకి తేకండి. దాని పూల నుంచి రాలే పొట్టు కొన్ని వారాల పాటు మీకు అదనపు దుమ్మే అవుతుంది. ఆరుబయట బాగా దులిపి, కడిగి, ఎండబెట్టిన తరువాతే వాడాలి.

ఫినాయిల్ గానీ సబ్బుపొడి గానీ మోతాదు మించితే నేల మీద కంటికి కనబడని జిగట పొర మిగులుతుంది, వచ్చిన దుమ్మంతా దానికే అంటుకుంటుంది. మీ పాప కాళ్లు అంత త్వరగా నల్లబడడానికి అదీ ఒక కారణం కావచ్చు. కొన్ని రోజులు ఉత్తి నీళ్లతోనే తుడిచి చూడండి. బకెట్లు రెండు పెట్టుకోవాలి, ఒకటి గుడ్డ జాడించడానికి, మరొకటి శుభ్రమైన నీళ్లకు. ఒకే బకెట్‌తో ఇల్లంతా తుడిస్తే ముందు గది మురికిని వంటింటికి మోసినట్లే అవుతుంది.

ఇక దుమ్ము ఏ దారిన వస్తోందో కనిపెట్టాలి. తడిపిన తెల్లగుడ్డ ముక్కలను కిటికీ గట్టు మీద, వీధి తలుపు కింద, ఫ్యాను రెక్క మీద వేరువేరుగా రాసి చూడండి. వేటి మీద నలుపు చిక్కగా దిగిందో అక్కడి నుంచే పని మొదలుపెట్టాలి. దోమల జాలీని వేలితో మీటితే రాలేది చూసి మీరే ఆశ్చర్యపోతారు. మరొక మాట: వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాను తిరుగుతున్నంతసేపూ అది బయటకు తోసిన గాలికి బదులుగా వీధి తలుపు సందులోంచి గాలి లోపలికి వస్తుంది, దానితో పాటు రోడ్డు దుమ్మూ వస్తుంది. కిటికీకి బయట బిగించిన కూలర్ ఇందుకు విరుద్ధంగా గాలిని బయటి నుంచి లోపలికి నెడుతుంది. తలుపు కింద బ్రష్ పట్టీ బిగించి, ఎగ్జాస్ట్ వేసినప్పుడు రోడ్డు వైపు కాకుండా పెరటి వైపు కిటికీ తెరిచి ఉంచితే తేడా మీకే తెలుస్తుంది.

జవాబు (చంద్రపూర్)

నేను ఇళ్ల నిర్మాణ పనులు చేయించేవాణ్ణి. పై జవాబుతో చాలావరకు ఏకీభవిస్తున్నాను గానీ, అందులోని తడిగుడ్డ సలహాను వెనక గదిలో పాటించవద్దు. షాబాద్ బండల సందుల్లో తేలే ఆ తెల్లపిండి దాదాపుగా లవణాలే. నేలలోని తేమ బండల కింది మట్టిలోనూ గచ్చులోనూ ఉన్న లవణాలను కరిగించుకుని సందుల గుండా పైకి వస్తుంది. నీరు ఆవిరైపోగా లవణం పిండిలా మిగులుతుంది. మీరు తడిగుడ్డతో తుడిచినప్పుడు అది కరిగి సందుల్లోకే ఇంకుతుంది, ఆరాక మళ్లీ పైకి తేలుతుంది. అక్కడ మెత్తని పొడి బ్రష్‌తో నెమ్మదిగా కూడదీసి, చేటలోకి ఎత్తి పారేయాలి. అత్తగారు ఆ సమయంలో ఆ గదిలో లేకుండా చూసుకోండి.

నిర్ధారణ కోసం గజం మేర మందపాటి ప్లాస్టిక్ పట్టాను బండల మీద పరచి, నాలుగు అంచులూ టేపుతో అంటించి, ఒక రాత్రీ పగలూ వదిలేయండి. తీసినప్పుడు అడుగున చెమ్మ పట్టినా, బండ రంగు ముదిరినా తేమ కింది నుంచే వస్తోందని అర్థం. నిమ్మరసం, వెనిగర్, యాసిడ్ మాత్రం దగ్గరకు రానీయకండి. షాబాద్ బండ సున్నపురాయి కనుక ఆమ్లం తగిలితే నునుపు పోయి, ఆ తరువాత మరింత దుమ్ము పట్టుకుంటుంది. పైన రంగో వార్నిషో పూయించమని ఎవరైనా సలహా ఇస్తే వినవద్దు. కింద తేమ ఉండగా పూత వేస్తే లవణం పూత అడుగున పేరుకుని, బండ పైపొరతో సహా పెచ్చులుగా ఊడిపోతుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. పట్టా వేసి చూశాం. గోడ పక్కన వేసిన చోట అడుగున నీటి బొట్లు పట్టాయి, గది మధ్యలో పొడిగానే ఉంది. ఆ గోడకు అవతల మా స్నానాల గది లేదు, సందు ఉంది. పంచాయతీ సిమెంటు దారి వేసినప్పుడు సందు ఎత్తు పెరిగి, ఇప్పుడు మా గది నేల దానికంటే బెత్తెడు పల్లంలో ఉంది.

జవాబు (చంద్రపూర్)

అయితే నాకు అనుమానం లేదు, సందులో నిలిచే నీళ్లే మీ గోడలోకి దిగుతున్నాయి. గోడ వెంబడి వాలుగా చిన్న సిమెంటు కాలువ కట్టించి నీరు దూరంగా పోయేలా చేయండి. బయటి వైపు గోడ అడుగున ప్లాస్టరు పగుళ్లుంటే పూడ్పించండి. లోపలి పిండి వెంటనే ఆగదు, గోడ ఆరడానికి ఒక ఎండాకాలం పడుతుంది. బండలు తీయించి కొత్తవి వేయించుకోవాలనుకుంటే అంతవరకూ ఆగి, అప్పుడు కింద ప్లాస్టిక్ పట్టా పరిపించి వేయించుకోండి.

జవాబు (గోండ్‌పిపరి)

వాక్యూమ్ క్లీనర్ గురించి ఎవరూ చెప్పలేదు కనుక రాస్తున్నాను. హెపా ఫిల్టర్ (అతి సన్నటి దుమ్మును పట్టే వడపోత) లేనిదైతే కొనవద్దు. హెపా 0.3 మైక్రాన్ల రేణువులను 99.97 శాతం పట్టి ఉంచాలి. మామూలు గుడ్డ సంచీ యంత్రం పెద్ద చెత్తను పట్టుకుని, సన్నటి బొగ్గు పొడిని వెనక నుంచి గదిలోకే వదులుతుంది. ఆ సంచీని దులిపేటప్పుడు లేచేది చెప్పనక్కర్లేదు. ఆయాసం ఉన్న ఇంట్లో పరుపులకూ తివాచీలకూ మంచి యంత్రం ఉపయోగమే గానీ, టైల్స్‌కు మాత్రం బల్లార్షా వారు చెప్పిన పిండిన గుడ్డే చాలు. ముందు తలుపు పట్టీకీ కాలువకూ డబ్బు పెట్టి, ఇంకా అవసరం అనిపిస్తే దీపావళి ముందు యంత్రం సంగతి ఆలోచించండి.