సన్మానపత్రంలో తెగువా, సాహసమా, శౌర్యమా?

ప్రశ్న: మా ఊళ్ళో పంటకాలువలో కొట్టుకుపోతున్న పాపను ఇంటర్ చదివే కుర్రాడు దూకి ఒడ్డుకు చేర్చాడు. ఆగస్టు 15న స్కూల్లో సన్మానం. పత్రం రాసే పని నా నెత్తిన పడింది. ‘తెగువ’ అని రాస్తే ఒక పెద్దాయన ఒప్పుకోవట్లేదు. అది బరితెగించడం లాంటి మాట, తిట్టినట్టు ఉంటుంది అంటున్నారు. ‘శౌర్యపరాక్రమాలు’ అనమంటున్నారు. ఏది సరి?

జవాబు: ‘ధైర్యసాహసాలు’ అని పెట్టేయండి సార్, ఎవరూ వంక పెట్టరు.

జవాబు: వంక పెట్టరు నిజమే, కానీ ప్రతి పత్రంలోనూ అదే ఉంటుంది. ‘తెగువ’ నిక్షేపంలాంటి మాటండీ. తెగు అనే క్రియ నుంచి వచ్చింది. తాడు తెగడం ఒక్కటే కాదు, తేలిపోవడం కూడా తెగడమే. బేరం తెగింది, ఎటూ తెగడం లేదు అంటాం కదా. ఊగిసలాట తెంచుకుని ముందుకు దూకే గుణం తెగువ. ‘ప్రాణాలకు తెగించి’ అనేది అక్కడిదే. తమిళంలో ధైర్యానికి వాడే ‘తుణివు’ కూడా ఇలాంటిదే. తుణి అంటే తెగడం, నిశ్చయించుకోవడం రెండూ. మన ‘తునక’ దాని చుట్టమే.

పెద్దాయన భయం పూర్తిగా అర్థం లేనిదేం కాదు. ‘బరితెగించాడు’ తిట్టే. ‘దాడికి తెగబడ్డారు’ అని పేపర్లు రాసేది దొంగల గురించీ శత్రువుల గురించే. ‘తెగించినవాడికి తెడ్డే లింగం’ అన్న సామెతలోనూ మెచ్చుకోలు లేదు. ఆ రంగు క్రియలకు అంటింది గానీ ‘తెగువ’ అనే నామవాచకానికి అంటలేదు. ‘ఆ పిల్లకు తెగువ ఎక్కువ’ అంటే ఏ తల్లీ నొచ్చుకోదు.

శౌర్యం, పరాక్రమం మాత్రం యుద్ధం వాసన వేస్తాయి. కాలువతో ఎవరు యుద్ధం చేస్తారు? గల్వాన్‌లో అమరుడైన సూర్యాపేట కల్నల్ సంతోష్‌బాబు గురించి రాస్తే అవి అతుకుతాయి. శత్రువు ఎదుట లేని సందర్భానికి కూడా ‘శౌర్యచక్ర’ ఇస్తారు కదా అని ఎవరైనా అడగొచ్చు. అది పతకం పేరు, ఇది మన ఊరి పిల్లాడి పత్రం.

జవాబు: సంస్కృతం మాస్టారుగా ఒక ముచ్చట. సహస్ అంటే బలం, దాన్నుంచి సాహసం. ధర్మశాస్త్రాల్లో సాహసం అంటే దౌర్జన్యంతో చేసిన నేరం! మనుస్మృతిలో జరిమానాలకు కూడా అదే పేరు: ప్రథమ సాహసం 250 పణాలు, మధ్యమం 500, ఉత్తమం 1000. తిట్టు కాబట్టి వద్దంటే ముందు ‘సాహసం’ కొట్టేయాలి. ఇవాళ ఆ అర్థం ఎవరికీ తట్టదు, నిశ్చింతగా వాడుకోవచ్చు.

ప్రశ్న అడిగినవారు: చాలా థ్యాంక్సండీ. మరి ధైర్యం?

జవాబు: ధైర్యం ధీరుడి నుంచి వచ్చింది, చలించకుండా నిలబడటం. అందుకే ఆస్పత్రిలో ఉన్నవాళ్ళకు ధైర్యం చెబుతాం. తెగువ చెప్పాం అని ఎవరూ అనరు. మీ కుర్రాడు నిలబడలేదు, దూకాడు.

ప్రశ్న అడిగినవారు: ఇలా రాశాను: ‘అత్యంత ప్రమాదకరమైన పరిస్థితిలో తన అమోఘమైన తెగువను ప్రదర్శించి చిన్నారిని రక్షించినందుకు’.

జవాబు: ‘అత్యంత’, ‘అమోఘ’ రెండూ తీసేయండి. ‘ప్రదర్శించి’ అంటే సర్కస్ ఫీట్ చేసినట్టుంది. ఇలా చూడండి: ‘నిండుగా పారుతున్న కాలువలోకి ప్రాణాలకు తెగించి దూకి, చిన్నారిని ఒడ్డుకు చేర్చిన తెగువకు మెచ్చి’. ‘తెగించి’, ‘తెగువ’ రెండూ ఒకే వాక్యంలో ఎక్కువ అనిపిస్తే ‘ప్రాణాలకు తెగించి’ తీసేయొచ్చు. నాకైతే ఉంచితేనే బావుందనిపిస్తోంది. డీటీపీలో ‘తెగవకు’ అని పడకుండా ప్రూఫు మీరే చూసుకోండి.