చామనఛాయ ముఖానికి పీల్, మైక్రోనీడ్లింగ్, లేజర్ టోనింగ్, హైఫూ: ఏది ముందు?

మల్లిమొగ్గ:
వయసు 42, చామనఛాయ. రెండు బుగ్గల మీద మంగు, ముక్కు పక్కన తెరుచుకున్న రంధ్రాలు, కళ్ల చివర సన్నటి గీతలు, దవడ దగ్గర కాస్త జారుడు. కోత, కుట్లు లేనివే కావాలి. ఒక క్లినిక్‌లో ఈ నాలుగూ కలిపి ప్యాకేజీ చెబుతున్నారు. ఏది దేనికి పనిచేస్తుంది? ఏ వరుసలో వెళ్లాలి? మాఘంలో ఇంట్లో పెళ్లి, ఐదు నెలలు ఉంది.

చర్మం_చదువు:
మల్లిమొగ్గ గారూ, అన్నిటికన్నా ముందు మంగు సంగతి చూడాలండి. మన రంగు చర్మం చిన్న మంటకే నల్లబడుతుంది. మంగు కుదుటపడకుండా వేడి గానీ సూది గానీ తగిలితే మచ్చ ఇంకా ముదురుతుంది.

కనీసం 4 వారాలు చర్మాన్ని సిద్ధం చేయాలి. పగలు ఐరన్ ఆక్సైడ్ కలిసిన, లేత రంగున్న సన్‌స్క్రీన్ వాడండి. మామూలు తెల్ల సన్‌స్క్రీన్ కంటికి కనిపించే వెలుతురును సరిగా ఆపదు, మంగును అదీ పెంచుతుంది. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు తీస్తే ముఖానికీ మెడకూ సరిపడా వస్తుంది. చాలామంది అందులో సగం కూడా రాయరు. రాత్రి ట్రెటినాయిన్ (విటమిన్ ఎ జాతి క్రీము) 0.025 శాతం, బఠాణీ గింజంత, మొదట్లో వారానికి రెండు రాత్రులే. కడుపుతో ఉన్నవాళ్లు దీన్ని ముట్టుకోకూడదు.

తర్వాత గ్లైకాలిక్ పీల్, అంటే గ్లైకాలిక్ ఆమ్లం పూసి పై చర్మాన్ని పొట్టుగా రాల్చడం, 20–30 శాతంతో మొదలు. వారం ముందే ట్రెటినాయిన్, బ్లీచ్, థ్రెడింగ్, వ్యాక్సింగ్ ఆపేయాలి. కళ్ల మూలలకూ ముక్కు మడతలకూ వ్యాసలిన్ రాసి, నుదుటి నుంచి బ్రష్‌తో మొదలుపెట్టి గడియారం చూస్తూ ఉండాలి. ఎరుపు తేలగానే బేకింగ్ సోడా ద్రావణంతో ఆమ్లాన్ని చల్లార్చాలి. ఎక్కడైనా తెల్లటి పొర కనిపిస్తే అక్కడ ఆమ్లం లోతుకు దిగిందని అర్థం. టైము అవ్వకపోయినా వెంటనే చల్లార్చాలి. నిన్నో మొన్నో స్క్రబ్‌తో రుద్దిన చోటే ఇలా ఎక్కువగా జరుగుతుంది. లేచిన పొట్టును గిల్లితే ఆ చోట నల్లమచ్చ ఖాయం. మూడు వారాలకొకటి చొప్పున 4 నుంచి 6 సార్లు.

సూది_లోతు:
రంధ్రాలకూ గీతలకూ మైక్రోనీడ్లింగ్, అంటే సన్నటి సూదులున్న పెన్నుతో చర్మాన్ని గుచ్చడం, మంచిది, అదీ మంగు తగ్గాకే. సూది లోతు బుగ్గలకు 0.5 నుంచి 1 మిల్లీమీటరు, నుదురు, కంటి అంచుల్లో 0.25–0.5 చాలు. చర్మం సమంగా ఎర్రబడి, అక్కడక్కడా సూదిమొనంత రక్తం కనిపిస్తే ఆపేయాలి. రక్తం కారుతోందంటే నొక్కుడు ఎక్కువైనట్టే. ఎముక మీద పెన్ను పక్కకు లాగితే చక్రాల జాడలాంటి గీతలు మిగులుతాయి. పెన్నుకు తగిలించే సూదుల కార్ట్రిడ్జ్ మీ కళ్లముందే సీలు విప్పించండి. పైన స్టెరైల్ హయలురానిక్ ఆమ్లమే వాడాలి. ఇంట్లో వాడే విటమిన్ సి సీరం పచ్చి రంధ్రాల్లోకి దిగితే గడ్డలు కట్టవచ్చు. మొటిమలు చీముపట్టి ఉన్నప్పుడు అసలు వద్దు.

లేజర్ టోనింగ్ అంటే 1064 నానోమీటర్ల కిరణాన్ని తక్కువ శక్తితో వేయడం. రంగు తేలిగ్గానే తగ్గుతుంది, ఆపితే తిరిగొస్తుంది. వారం వారం చేయిస్తూ పోతే బియ్యపు గింజల్లాంటి తెల్లమచ్చలు పడతాయి, వాటిని పోగొట్టడం మంగు కంటే కష్టం. క్రీములూ పీల్సూ కదపలేని మంగుకే దాని అవసరం.

హైఫూ (అల్ట్రాసౌండ్ తరంగాలతో చేసేది) జారుడుకి మాత్రమే. 3, 4.5 మిల్లీమీటర్ల లోతున వేడి పుట్టించి కొల్లాజెన్‌ను బిగిస్తుంది. పూర్తి ఫలితానికి 2–3 నెలలు పడుతుంది. బుగ్గలు పీలగా ఉన్నవాళ్లకు కొవ్వు కరిగి ముఖం పీక్కుపోతుంది.

మల్లిమొగ్గ:
పీల్, మైక్రోనీడ్లింగ్ ఒకేరోజు చేస్తామంటున్నారు. ఇంకోటి, మెడికల్ షాపులో ఇచ్చిన మంగు క్రీము మూడు నెలలుగా రాస్తున్నాను. అది కొనసాగించవచ్చా?

చర్మం_చదువు:
ఒకేరోజు రెండూ వద్దండి, మంగు ఉన్న ముఖానికి మంట మీద మంట అవుతుంది.

అసలు విషయం ఆ ట్యూబు. వెనక్కి తిప్పి సన్నక్షరాలు చదవండి. మొమెటాసోన్, ఫ్లూయోసినోలోన్, బీటామెథాసోన్, క్లోబెటాసాల్ వీటిలో ఏది ఉన్నా అది స్టెరాయిడ్. మొదట ముఖం తెల్లబడినట్టు ఉంటుంది, నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, ఎర్రటి నరాలు తేలి, ఎండలోకి వెళ్తే భగ్గుమంటుంది. ఆ చర్మం మీద పీల్ వేస్తే కాలుతుంది. అలాగని ఈరోజే మానేయకండి, ఒక్కసారిగా ఆపితే ఎరుపు, దురద, మొటిమలు ఎగదన్నుతాయి. ట్యూబు తీసుకుని చర్మవైద్యుల దగ్గరికి వెళ్తే మెల్లగా తగ్గిస్తూ మాన్పిస్తారు. అంతవరకూ ట్రెటినాయిన్ సహా పైన చెప్పినవేవీ మొదలుపెట్టొద్దు, సన్‌స్క్రీన్ ఒక్కటే.

సూది_లోతు:
స్టెరాయిడ్ మాన్పించడానికే నెలా రెండు నెలలు పోతాయి కాబట్టి మాఘం లోపు రెండు మూడు పీల్స్‌కే టైముంటుంది. మైక్రోనీడ్లింగ్ పెళ్లయ్యాక పెట్టుకోండి. చివరి పీల్‌కీ పెళ్లికీ మధ్య మూడు వారాలు వదలండి. పెళ్లిలో మీక్కూడా నలుగు పెడతామంటే చేతులకూ కాళ్లకూ పెట్టించుకోండి, ముఖానికి మాత్రం పిండి రుద్దనివ్వకండి.